పరుపుల బడే సాబ్, నోరు లేని పియానో

ఆదోనిలో మా వీధి చివర పరుపులు కుట్టే బడే సాబ్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గడ్డంలో ఎప్పుడూ దూది పోగులు ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఆ గడ్డం ఎంతమేరకు నెరిసిందో ఆయనకే తెలియదు. ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక గదిలో కాపురం. మిషను నడుస్తుంటే ఇంట్లో ఎవరేం మాట్లాడాలన్నా అరవాల్సిందే. ఆ అలవాటు కొద్దీ, మిషను ఆపాక కూడా ఆయనా, ఆయన భార్య అజీమున్నీసా "చాయ్ తాగుతావా" అన్నంత మాటను కూడా పోట్లాడుకున్నట్టే అంటారు. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు సర్దిచెబుదామని లోపలికి పోయి, చాయ్ తాగి బయటికి వస్తుంటారు.

పోయిన వానాకాలంలో ఆయన మోపెడ్ మీద రెండు పరుపులు కట్టుకుని పోతుంటే, ఎదురుగాలికి పై పరుపు గొడుగులాగా లేచింది. బండి ఒక పక్కకు, పరుపులు ఇంకో పక్కకు పోయాయి. బడే సాబ్ మాత్రం సరిగ్గా ఆ రెంటికీ మధ్యనున్న కంకర మీద పడ్డాడు. కుడిచేతి వేళ్ళు విరిగాయి.

"పరుపులు కుట్టేటోనివి, పరుపు మీద పడేదానికి కూడా రాలేదా నీకు?" అని అజీమున్నీసా ఆసుపత్రి మొత్తం వినేటట్టు అడిగింది.

కట్టు విప్పేసరికి వేళ్ళు పుల్లల్లాగా బిగుసుకుపోయి ఉన్నాయి. దబ్బనం పట్టుకుంటే జారిపోయేది. ఫిజియోథెరపీ చేసే హేమ డాక్టరు ఒక మెత్తని రబ్బరు బంతి చేతిలో పెట్టి, ఎప్పుడూ పిసుకుతూ ఉండమని చెప్పింది. ఆయన శ్రద్ధగా పిసికాడు. దిండ్లలో దూది కూరేటప్పుడు కూడా వదల్లేదు. ఒకరోజు బంతి కనిపించకుండా పోయింది. మిషను కింద, మంచం కింద, చివరికి బియ్యం డబ్బాలో కూడా వెతికారు. కొన్నాళ్ళకు ఒక టీచరమ్మ కొత్త దిండును చేతికి తగలకుండా సంచిలో వేసుకొచ్చి గడప అవతలినుంచే విసిరేసింది.

"సాబన్నా, తల పెడితే లోపల ఏందో అట్లా ఇట్లా ఉరుకుతాంది. ఎలుకేమో చూడప్పా!"

దిండు విప్పితే బంతి దొరికింది. కానీ అప్పటికి ఆ కథ హేమ డాక్టరు దాకా పోయింది. "బంతి వద్దులే సాబ్" అందావిడ నవ్వు ఆపుకుంటూ. "పియానో వాయించేవాళ్ళను చూశారా? అట్లా ఒక్కొక్క వేలూ విడిగా ఆడించండి. బల్ల మీదైనా సరే."

"పియానో అంటే ఏందమ్మా?"

"హార్మోనియం లాంటిదే. గాలి కొట్టే పని ఉండదు."

ఆ సాయంత్రం ఆయన ఈ మాట బళ్ళారిలో ఉన్న కూతురు రుక్సానాతో ఫోన్‌లో చెప్పాడు. రుక్సానా ఎగిరి గంతేసింది. ఆమె భర్త పాటలు కడతానని ముచ్చటపడి ఒక చిన్న కీబోర్డు తెప్పించుకుని, రెండు రోజులు దాని ముందు కూర్చుని, మూడో రోజు బీరువా మీద పెట్టేశాడు. దుమ్ము తుడవలేక ఆమెకు విసుగు పుడుతోంది. వెంటనే దాన్ని పాత చీరలో చుట్టి ఆదోని బస్సులో వేసింది.

చీర విప్పి చూస్తే ఒళ్ళో పట్టేంత పెట్టె. హార్మోనియానికి ఉన్నట్టే తెల్ల మెట్లు, నల్ల మెట్లు. పైన కొన్ని రబ్బరు గళ్ళు, తిప్పే మరలు. వెంట ఒక వైరు. బడే సాబ్ అన్ని మెట్లూ నొక్కి చూసి, చప్పుడు రాకపోతే కూతురికి ఫోన్ చేశాడు. ముందు గదిలో మిషను నడుస్తూనే ఉంది.

"ఫోన్‌కు తగిలించుకో నాయనా, అంతే!" అని అటునుంచి రుక్సానా అరిచింది.

ఫోన్‌కు తగిలించేది ఆ ఇంట్లో ఛార్జర్ ఒకటే. బడే సాబ్ ఆ వైరును ఛార్జర్‌లో గుచ్చి గోడకు పెట్టాడు. రబ్బరు గళ్ళన్నీ ఎర్రగా, పచ్చగా వెలిగాయి. ఆయన మొహం కూడా వెలిగింది. మెట్టు నొక్కితే మాత్రం చప్పుడు రాలేదు.

"వచ్చిందా నాయనా?"

"వచ్చినాయమ్మా, శానా బాగ వచ్చినాయి!" అన్నాడాయన, లైట్లను చూస్తూ.

చప్పుడు ఎందుకు రావడం లేదని ఆయన కాసేపు ఆలోచించి, తనకు తానే జవాబు చెప్పుకున్నాడు. భార్యను పిలిచి వివరించాడు. "ఇది నేర్చుకునేటోళ్ళ పియానో. తప్పులు బయటికి వినపడకుండా చేసినారు. ఎంత తెలివో చూడు! బాగ వచ్చినాంక సప్పుడుండేది కొనుక్కోవాల."

అజీమున్నీసా దాన్ని నాలుగు వైపులా చూసి తలూపింది. "మన పెండ్లయినప్పటి నుంచి నువ్వు సప్పుడు లేకుండా చేసే పని ఇదొకటే. బాగ నేర్చుకో."

అట్లా బడే సాబ్ సాధన మొదలైంది. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక, కొత్తగా కుట్టిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. మొదట్లో ఒక్కొక్క వేలు ముక్కుతూ మూలుగుతూ కదిలేది. నెల తిరిగేసరికి ఐదు వేళ్ళూ మెట్ల మీద కోడిపిల్లల్లాగా పరిగెత్తసాగాయి. దబ్బనం మళ్ళీ చేతిలో నిలిచింది. ఇక ఆయనకు వాయిద్యం మీదే మనసు పడింది. పెట్టెలో రాని చప్పుడును నోటితో "టంయ్ టంయ్" అనుకునేవాడు. ఒక్కోరోజు పెట్టె పక్కన పెట్టి, "ఇయ్యాల కొంచెం సుతి తప్పింది" అని నొచ్చుకునేవాడు కూడా. ఎట్లా తెలిసిందని భార్య అడిగితే, "వాయించేటోనికి తెలుస్తాది" అనేవాడు.

ఆ రోజుల్లోనే ఎమ్మిగనూరు నుంచి రామన్న వచ్చాడు. రామన్న నేతగాడు. బడే సాబ్‌కు దిండ్ల గలీబులకు గుడ్డ నేసి ఇస్తాడు. ఇద్దరిదీ ఎన్నో ఏళ్ళ స్నేహం. ఆయన గుడ్డల మూటతో లోపలికి వచ్చేసరికి బడే సాబ్ కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, రెండు భుజాలూ ఎగరేస్తూ వాయిస్తున్నాడు. ఆ రోజు నోటితో టంయ్ టంయ్ కూడా లేదు, ఎందుకంటే నోట్లో వక్క ఉంది.

రామన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతులు ఆడుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మనిషి మైమరచిపోయి ఉన్నాడు. తనకు మాత్రం ఏమీ వినపడటం లేదు. రామన్న మగ్గం చప్పుడులో పుట్టి పెరిగినవాడు. ఈ మధ్య ఇంట్లోవాళ్ళు ఒక మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచుకుంటున్నాడు. 'అయిపోయింది. చెవులు పూర్తిగా పోయినాయి' అనుకున్నాడు. కూతురి పెళ్ళి దగ్గర పెట్టుకుని చెవిటివాడినని బయటపడటం ఎట్లా? అందుకని, బడే సాబ్ కళ్ళు తెరవగానే రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు.

"ఆహా! ఏం వాయించినావు సాబూ! కడుపు నిండిపాయ!"

బడే సాబ్ వక్క మింగేశాడు. ఇంతవరకు ఆయన్ను ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాళ్ళు లేరు. "నీకు వినపడెనా రామన్నా?"

"ఎందుకు వినపడదు? శుబ్బరంగ వినపడె!" అని రామన్న కంగారుగా, అవసరానికి మించి గట్టిగా అన్నాడు. ఆ కంగారులోనే ఇంకో మాట జారింది. "మా పాప పెండ్లికి నువ్వే వాయించాల. బోజనాలప్పుడు. సరేనా?"

"నీ పాపంటే నా పాప గాదా? వాయిస్తా!"

ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. రామన్న అటు పోగానే అజీమున్నీసా వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"ఏమని ఒప్పుకుంటివయ్యా? దాంట్లో సప్పుడు రాదు గదా?"

"ఆడ మైకు పెడతారు."

"లేని సప్పుడుకు మైకు పెడితే, లేని సప్పుడే పెద్దగ వస్తాది!"

ఈ మాటతో బడే సాబ్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు మిషను మోటారు కాలిపోయి, బాగుచేయడానికి సామ్సన్ రావడం ఆయన అదృష్టం. సామ్సన్ కరెంటు పని చేస్తాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. బడే సాబ్ పెట్టెను ఆయన ముందు పెట్టి, "ఇది సప్పుడు చేసేటట్టు చేయప్పా, నా మానం పోతాంది" అన్నాడు.

సామ్సన్ పెట్టెను చూశాడు, ఛార్జర్‌ను చూశాడు, గోడను చూశాడు. దూది కుప్ప మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"అన్నా, దీనికి గొంతు లేదన్నా! నువ్వు యా మెట్టు నొక్కినావో ఫోన్‌కు కబురు సెప్తాది, అంతే దీని పని. పాడేది ఫోను."

మొబైల్ అంగడికి పోయి ఒక చిన్న పిన్ను తెచ్చి, వైరును ఛార్జర్‌కు కాకుండా ఫోన్‌కే తగిలించి, ఫోన్‌లో పియానో యాప్ ఒకటి వేశాడు. బడే సాబ్ భయం భయంగా ఒక మెట్టు నొక్కాడు. ఫోన్‌లోంచి పదిమంది ఆడవాళ్ళు కలిసి "ఆ..." అన్నారు. ఆయన చెయ్యి లాక్కున్నాడు.

"లోపల ఎవురో ఉండారప్పా!"

సామ్సన్ ఫోన్‌లో ఏదో మార్చాడు. ఈసారి రబ్బరు గడి నొక్కితే కుక్క మొరిగింది. వీధిలోని కుక్కలు దానికి జవాబిచ్చాయి. అవి సద్దుమణిగాక ఇంకోటి మార్చాడు. అప్పుడు వచ్చింది అసలైన పియానో చప్పుడు, గుండ్రంగా, తియ్యగా.

"ఇంగ వాయించన్నా. నెల దినాల నుంచి నేర్చుకుంటాండావు గదా" అన్నాడు సామ్సన్.

బడే సాబ్ పరుపు మీద సర్దుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపి, రామన్న కడుపు నింపిన ఆ వాయిద్యాన్నే మళ్ళీ వాయించాడు. గిన్నెల గంప మిద్దె మెట్ల మీదుగా దొర్లి దొర్లి కిందకు వచ్చినట్టు వినపడింది. ఆఖరి గిన్నె కూడా ఆగాక ఆయన కళ్ళు తెరిచాడు.

"ఇదేనా నేను ఇన్ని దినాలు వాయించింది?"

"ఇదే" అంది అజీమున్నీసా.

"సప్పుడు లేనప్పుడే బాగుండె" అన్నాడాయన దీనంగా.

కానీ మాట ఇచ్చేశాడు. సామ్సన్ సాయంత్రాలు పని ముగించుకుని వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. పరుపుగుడ్డ పేలికలు రంగురంగులవి కత్తిరించి, స రి గ మ లకు ఒక్కో రంగు చొప్పున మెట్ల మీద అంటించారు. "ఎరుపు, నీలం, గళ్ళది, మళ్ళ నీలం" అని బడే సాబ్ స్వరాలను బట్టీపట్టాడు. పెళ్ళిళ్ళలో బ్యాండువాళ్ళు వాయించే ఒక చిన్న వరసను ఎంచుకున్నారు. బొటనవేలిని మిగతా వేళ్ళ కిందినుంచి దూర్చి పై మెట్టు అందుకోవడం ఆయనకు దబ్బనం తిప్పినంత సులువుగానే వచ్చింది. చిక్కల్లా ఒకటే. పెట్టె చిన్నది, పాట దానికంటే కొంచెం పొడుగు. పై స్వరాలు కావాలంటే పక్కనున్న మీట నొక్కాలి, అయిపోగానే కింది మీట నొక్కి వెనక్కి రావాలి. ఆయన పైకి పోయేవాడు గానీ వెనక్కి రావడం మరిచిపోయేవాడు. అందువల్ల పాట ఒక్కో చుట్టుకు ఒక్కో అంతస్తు ఎక్కుతూ, చివరికి చెవి పక్క దోమలాగా తయారయ్యేది. అజీమున్నీసా చెవుల్లో దూది పెట్టుకుంది. దూదికి ఆ ఇంట్లో కొదవ లేదు.

పెళ్ళి ఎమ్మిగనూరులోనే, ఒక కళ్యాణ మండపంలో. ముహూర్తం అయింది, బంతులు కూర్చున్నాయి, పప్పు వడ్డన మొదలైంది. వేదిక పక్కన ఒక బల్ల వేసి, బడే సాబ్ ఫోన్‌ను పెద్ద స్పీకర్లకు కలిపి, సామ్సన్ పక్కనే నిలబడ్డాడు. బడే సాబ్ కొత్త జుబ్బా వేసుకున్నాడు, గడ్డం కడుక్కున్నాడు. అది పూర్తిగా తెల్లబడిందని ఆ రోజే అందరికీ తెలిసింది.

ఆయన ఎర్రగుడ్డ మెట్టు నొక్కాడు. స్పీకర్లలోంచి పియానో టంగుమంది. మండపం అవతలి మూలలో నెయ్యి వడ్డిస్తున్న రామన్న చేతిలో గిన్నె అట్లాగే ఆగిపోయింది. తర్వాత నీలం, గళ్ళది, మళ్ళీ నీలం. రామన్న గిన్నె ఎవరి చేతిలోనో పెట్టేసి బంతుల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"సాబూ! వినపడుతాంది! నాకు వినపడుతాంది!"

నెలరోజులుగా చాటుగా చెవుల్లో రకరకాల నూనెలు పోసుకుంటున్న సంగతి అక్కడే, అందరి ముందే చెప్పేసి బడే సాబ్‌ను కౌగిలించుకున్నాడు. బడే సాబ్ ఒక చేత్తో స్నేహితుడిని నిమురుతూ ఒక చేత్తో పాట నడిపించాడు. జనం చప్పట్లు కొట్టారు.

పాట రెండో చుట్టులో ఉండగా స్పీకర్లలో కోడిపుంజు కూసింది. మిషను మోతలో కూడా వినపడాలని బడే సాబ్ తన ఫోన్‌కు పెట్టుకున్న కూత అది. వంటవాళ్ళతో సహా అందరూ తిరిగి చూశారు. అది కూడా పాటలో భాగమేమోనని మగపెళ్ళివాళ్ళు తలలూపారు. బడే సాబ్ కంగారుపడి ఫోన్ కట్ చేయబోయి, ఎర్ర గుర్తుకు బదులు పచ్చ గుర్తును జరిపాడు.

"బడే సాబన్నా!" అని మండపం అదిరేటట్టు ఒక గొంతు అరిచింది. "నేను హాలహర్వి మాదన్నను! నువ్వు కుట్టిన పరుపుతో నా సంసారం నాశనమైపాయనా!"

తింటున్నవాళ్ళ ముద్దలు గాల్లోనే ఆగాయి. సామ్సన్ ఫోన్ మీదికి వంగాడు గానీ, మర్యాదస్థుడైన బడే సాబ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గిరాకీ మాట్లాడుతుంటే మధ్యలో పెట్టేయడం ఆయనకు తెలియదు.

"ఏమైందప్పా మాదన్నా?"

"మా మామ నాలుగు దినాలుండి పోతానని వచ్చె. ఆ పరుపు మీద పండుకునె. అంతే! ఎండాకాలం పాయ, వానలు పడె, ఆయప్ప లేస్తే గదా పోయేది! 'అల్లుడా, ఇట్లాంటి నిద్ర పుట్టినాంక ఎరగను' అంటాడు. నేనేమో సాప మీద పండుకుంటాండా. నీకు దండం పెడతా, వచ్చి దాన్ని కొంచెం పాడు చేసి పో!"

"పాడు యెట్ల చేయాలప్పా?" అని బడే సాబ్ నిజంగానే తెలియక అడిగాడు.

"గింజలు యెయ్యి! రాళ్ళు యెయ్యి! నీ ఇష్టం! ఆయప్పకు నడుం నొచ్చాల, అంతే!"

మండపం మొత్తం పగలబడి నవ్వింది. పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళికొడుకు, తన మామగారైన రామన్న వైపు అనుమానంగా చూశాడు. అటువైపు మాదన్నకు ఆ నవ్వు వినపడి, "ఏందన్నా, ఇంటికాడ శానా మంది ఉండారా?" అన్నాడు. ఎమ్మిగనూరు ఊరంతా ఉందని సామ్సన్ చెప్పగానే ఫోన్ ఠక్కున ఆగిపోయింది.

బడే సాబ్ పాటను ఎక్కడ వదిలాడో అక్కడ్నుంచే అందుకున్నాడు. కానీ వెనక్కి రావడం మరిచి, మీట మళ్ళీ పైకే నొక్కాడు, ఇంకోసారి పైకే నొక్కాడు. పాట సన్నబడి సన్నబడి, ఈలగా మారి, పిల్లలు చెవులు మూసుకునే దాకా పోయి, చివరికి మెట్టు కిందకు పోతున్నా చప్పుడు రాని చోటికి చేరింది. పక్కనే నిలబడ్డ రామన్న రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టి ఆడించుకున్నాడు.

"సాబూ... మళ్ళ వినపడటంల్యా."

"నాకూ వినపడటంల్యా రామన్నా, భయపడొద్దు!" అన్నాడు బడే సాబ్, చెమట తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం వక్కాకు తీసుకుంటూ మగపెళ్ళివాళ్ళు ఆయన చుట్టూ మూగారు. పాట గురించి ఒక్కరూ అడగలేదు. మామను మంచం దిగనివ్వని ఆ పరుపు ఎట్లాంటిదో, అందులో ఏ దూది వేశాడో అడిగారు. పెళ్ళికొడుకు ఒక్కడే, అంతకంటే గట్టిగా ఉండేది దొరుకుతుందా అని మెల్లగా విచారించాడు.

మాదన్న మాట కూడా బడే సాబ్ తోసిపుచ్చలేదు. గింజలు తియ్యని దూది ఒక సంచి వేసుకుని హాలహర్వికి పోయాడు. మామ పరుపు మీదనుంచి లేవకుండానే ఆదరంగా పలకరించి, తన పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. తన చేతి పనిని అంతగా మెచ్చుకునే మనిషి కింద గింజలు పొయ్యడానికి బడే సాబ్‌కు చేతులు రాలేదు. చివరికి రాజీ ఒకటి కుదిర్చాడు. మామ, పరుపు కలిసి ఒకే ఆటోలో మామ ఊరికి పోయారు. మాదన్న ఇంకో పరుపు కుట్టించుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా దాని మీద గోనెపట్ట పరిచి దాచిపెడుతున్నాడు.

హేమ డాక్టరు ఆ మధ్య ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్ళు బాగైపోయాయి, ఇక వ్యాయామం అవసరం లేదంది. బడే సాబ్ కుర్చీలోంచి లేవలేదు.

"అట్ల అనొద్దు తల్లీ. ఇంగా కొంచెం బాగలేదని ఒక మాట రాసియ్యి. మా ఇంట్లో ఆయమ్మకు సూపిస్తా."

ఆవిడ రాయలేదు గానీ, ఎడమచేతికి కూడా అభ్యాసం ఉంటే మంచిదేనని నోటిమాటగా చెప్పింది. ఆయనకు అది చాలు.

ఇప్పుడు ఎడమచెయ్యి నేర్చుకుంటున్నాడు. కుడిచెయ్యి పాట వాయిస్తుంటే ఎడమచెయ్యి ఊరికే ఒకటే మెట్టు, లెక్క ప్రకారం నొక్కుతూ ఉండాలి. అది ఎంతకీ మాట వినదు. కుడిది ఎటు పోతే అది కూడా అటే పోతుంది. సామ్సన్ తిట్టి తిట్టి అలిసిపోయాడు. మొన్న నేను దిండు కోసం పోయినప్పుడు ఒక ఏర్పాటు కనిపించింది. బడే సాబ్ పరుపు మీద కూర్చుని కుడిచేత్తో వాయిస్తున్నాడు. పక్కనే అజీమున్నీసా వెల్లుల్లి వలుచుకుంటూ, తలెత్తకుండానే, మోచేత్తో ఆ ఎడమవైపు మెట్టును నొక్కుతోంది. ఒక్క నొక్కు కూడా తప్పడం లేదు.

"ఉరకొద్దు!" అని ఆమె అరిచింది.

"నేను ఉరకడంల్యా, నువ్వే నిదానం!" అని ఆయన అరిచాడు.

నేను చాయ్ తాగి వచ్చేశాను.